నలభై ఒక్క ఏడుపు మొహాలు

గోవిందరావు చేత్తో నింపిన ఫారం ఇంతవరకూ ఒక్కటి కూడా వెనక్కి తిరిగి రాలేదు. ఈ మాట చెప్పేది ఆయనే. తాల్‌బగీచా మలుపులో టోటోలు అనే బ్యాటరీ రిక్షాలు ఆగే చోట ఉన్న టీ బడ్డీ దగ్గర, రోజుకు రెండుసార్లు చెబుతాడు. మొదటి గ్లాసు సగమయ్యాక ఒకసారి, రెండో గ్లాసు ఎవరు తాగిస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు మరోసారి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, రైలు బ్రేకుల షాపులో, ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేసి దిగిన మనిషి. సెలవు చీటీ గానీ, పాసు గానీ, క్వార్టరు గానీ, పింఛను గానీ, ఏ కాగితమైనా ఆయన చేతిలో పడిందంటే గమ్యం చేరాల్సిందే. "మెయిలు బండి లేటవుతాది గానీ నా ఫారం లేటవదు" అనేవాడు.

'అనేవాడు' అని రాయడానికి కారణం ఉంది. పై వరసలో ముందు పళ్ళు నాలుగు రాలిపోయిన దగ్గర్నుంచీ ఆయన నోట్లోంచి మాట కన్నా ముందు గాలి బయలుదేరుతోంది. ఫారం అంటే 'ఫా' మాత్రమే వినబడుతుంది, మిగతాది ఎదుటివాడి మొహాన తుంపరగా పడుతుంది. మామూలు మాటలకైతే ఫరవాలేదు. ఆయన బతుకంతా ఉన్నది కథల్లో. బ్రేకులు పడని బోగీని ఒంటి భుజంతో ఆపిన కథ ఆయనకు పేరు తెచ్చింది. అందులో చక్రాలు పట్టాల మీద 'స్‌స్‌స్' అని రాసుకునే ఘట్టం దగ్గరకొచ్చేసరికి ఇప్పుడు కుక్కరు విజిలు వస్తోంది. జనం ఊపిరి బిగబట్టాల్సిన చోట నవ్వేస్తున్నారు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. జాన్ పాల్ అని ఆయన నేస్తం, రిటైరైన గార్డు, నోట్లో పళ్ళన్నీ ఉన్నవాడు, అదే కథను మెల్లగా అందుకున్నాడు. మొదట్లో "మా గోవిందు ఆపినాడు" అనే చెప్పాడు. పది రోజుల తర్వాత "మేమిద్దరం ఆపినాం" అన్నాడు. మొన్న ఆదివారం నాటికి ఆ భుజం పూర్తిగా జాన్ పాల్‌ది అయిపోయింది.

కాబట్టి గోవిందరావుకి పళ్ళు కావాలి, అదీ తొందరగా.

ఆ మంగళవారం పొద్దున్న ఆయన పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి గ్రౌండులో ఆగిన పళ్ళ డాక్టరు వ్యాను ఎక్కడం, తొమ్మిదింటికి దిగడం, పదింటికల్లా గోల్‌బజార్లో చేపలు కొనడం. కలకత్తాలోని ఏదో ధర్మసంస్థ వారు ఆ వ్యానును తాల్‌బగీచాకు రెండు రోజుల కోసం పంపారు. భార్య జోగమ్మ సంచీ చేతికిచ్చింది.

"ముళ్ళు తక్కువున్న చేప తే. పళ్ళు లేని నోరు, ముల్లు దిగితే మళ్ళీ ఆ వ్యానే ఎక్కాల."

"రేపటినుంచి ముళ్ళు కూడా నమిలేస్తాను, సూడు."

"ముందు మాట నమలకుండా సెప్పు" అంది జోగమ్మ.

వ్యాను తెల్లగా, పొడుగ్గా ఉంది. గోవిందరావు వెంటనే ఎక్కలేదు. ముందు దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. వంగి కింద స్ప్రింగులు చూశాడు. టైరును కాలితో తన్నాడు. వెనక తలుపు దగ్గర ఏదో గుర్రుమంటుంటే రేకుకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. క్యూలో ఉన్నవాళ్ళంతా ఆయన మొహమే చూస్తున్నారు, డాక్టరు రోగి గుండె వింటుంటే చుట్టాలు చూసినట్టు.

"కంప్రెసరు" అని ప్రకటించాడు. "లోపల గాలి మీద పని నడుస్తంది. ఇది మన డిపార్ట్‌మెంటే."

డ్రైవరు టోని నవ్వి, "దాదూ, మీ నంబరొచ్చింది, ఎక్కండి" అన్నాడు.

లోపల కుర్చీ చూడగానే గోవిందరావుకి నొప్పి, భయం రెండూ మరుపున పడ్డాయి. కాలిమీట నొక్కితే లేస్తుంది, ఇంకోటి నొక్కితే పడుకుంటుంది. డాక్టరు పేరు రూతు. ముప్పై నిండని పిల్ల. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, జాన్ పాల్ వెళ్ళే చర్చిలో పాటలు పాడుతుంది కూడా.

"డాక్టరమ్మా, ఇది ఎన్ని కేజీల గాలి మీద నడుస్తాది?"

"ఐదు కేజీలు తాతగారూ. నోరు తెరవండి."

"రైలు బ్రేకుకీ ఐదే! ఒకపాలి ఏటయ్యిందంటే, ఎనభై రెండులో..."

"అలాగే తెరిచి ఉంచండి."

ఎనభై రెండులో ఏమైందో చెప్పేలోపల మిగిలిన మోడు పన్ను ఒకటి ఊడి పళ్ళెంలో టింగుమంది. నొప్పి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఆయనకు తెలియలేదు. తర్వాత ఆ పిల్ల గులాబీరంగు ముద్ద ఒకటి కలిపి, కొలత కోసం పైదవడకు అంటించి, మూడు నిమిషాలు కదలకూడదంది. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఫోర్‌మన్‌లు, సూపరింటెండెంట్లు చెయ్యలేని పని అది. గోవిందరావు మూడు నిమిషాలు మాట్లాడలేదు. ఈ సంగతి తర్వాత విన్న జోగమ్మ ఒకే ప్రశ్న వేసింది: "ఆ ముద్ద గోల్‌బజార్లో దొరుకుతాదా?"

"మూడు వారాల్లో సెట్టు తయారై వస్తాది తాతగారూ. నేనే తెచ్చి పెడతాను" అంది డాక్టర్ రూతు.

గోవిందరావు మనసు నిండిపోయింది. దీవించి మెట్లు దిగబోతుంటే టోని ఒక కాగితం, పెన్ను చేతిలో పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో ఉంది: 'మా సేవలు మీకు సంతృప్తిగా ఉన్నాయా?' దాని కింద ఐదు గుండ్రటి మొహాలు. మొదటిది చెవులదాకా నవ్వుతోంది. ఆఖరుది కన్నీళ్ళు కారుస్తోంది. అడుగున రిమార్కుల కోసం నాలుగు గీతలు.

పెన్ను నవ్వు మొహం మీదకు దిగుతూ దిగుతూ గాల్లో ఆగిపోయింది.

వర్క్‌షాపు జనానికి ఒక చట్టం ఉంది. ఏ పుస్తకంలోనూ అచ్చుకాలేదు గానీ తండ్రి నుంచి కొడుక్కి, కళాసీ నుంచి కళాసీకి వచ్చింది. పని పూర్తిగా ముగిసేదాకా కాగితం మీద 'సంతృప్తి' అని రాయకూడదు. రాశావా, ఫైలు మూసేస్తారు. ఆ చట్టానికి తాల్‌బగీచాలో గోవిందరావే సాక్షి. ఎనభై ఏడు వానాకాలంలో ఆయన క్వార్టరు కప్పు కారింది. మరమ్మతుల ఆఫీసు మనిషి ఒకడొచ్చి, తాపీతో ఇంత సిమెంటు మెత్తి, సంతృప్తి అని రాసి సంతకం పెట్టమన్నాడు. ఈయన పెట్టాడు. మరుసటి వానకే కప్పు మళ్ళీ కారింది. ఆఫీసుకి వెళితే, "మీరు సంతృప్తి పడిపోయారు కదా" అని కాగితం చూపించారు. పదకొండేళ్ళు మంచం మీద గొడుగు కట్టుకుని పడుకున్నారు. ఈ కథ వినని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. జాన్ పాల్ అయితే ఆ గొడుగును కళ్ళారా చూశాడు.

ఇప్పుడు గోవిందరావు పళ్ళు ఇంకా కలకత్తాలోనే ఉన్నాయి. సంతృప్తి అని రాస్తే ఫైలు మూస్తారు. ఫైలుతోపాటు పళ్ళు కూడా ఏ బీరువాలోనో ఉండిపోతాయి. ఆయన దీర్ఘంగా నిట్టూర్చి, "ఏటనుకోకు తల్లీ" అని వ్యాను వైపు ఒక దండం పెట్టి, ఏడుపు మొహం మీద టిక్కు కొట్టాడు.

కొట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ రిమార్కు లేని కంప్లైంటు గార్డు లేని గూడ్సు లాంటిది, ఏ స్టేషన్లోనూ ఒప్పుకోరు. ఏం రాయాలా అని ఆలోచించి, అబద్ధం ఆడటం ఇష్టంలేక నిజమే రాశాడు: 'నా పన్ను పీకిన సంగతి నాకు తెలియనే లేదు. సొంతదారుకు తెలియకుండా పీకుట పద్ధతి కాదు.'

వెనకనున్న పోలమ్మ భుజం మీంచి తొంగి చూసింది. వర్క్‌షాపు గేటు దగ్గర ఇరవయ్యేళ్ళు ఇడ్లీలమ్మిన మనిషి, గొంతు సైరన్‌తో సమానం.

"ఏటన్నా, ఏడుపు మొగం కొట్టినావు? బాగా సెయ్యలేదేటి?"

"బెమ్మాండంగా సేసింది. అందుకే కొట్టినాను. నీ పంటికి సిమెంటు పెట్టడం అయిపోనాదా?"

"సగమయ్యింది. మిగతాది మళ్ళీపాలి అంది."

"మరి బాగుందని రాసేవనుకో, మళ్ళీపాలి ఎవులొస్తారు? మా కప్పు సంగతి మర్సిపోనావా?"

పోలమ్మ బుగ్గ నొక్కుకుంది. వెంటనే తన కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆ వెనక సుజాతమ్మ పెట్టింది. టోని ఒక స్టూలు తెచ్చి వేశాడు, ముసలాయన పాపం అందరికీ సాయం చేస్తున్నాడనుకుని. అంతే, గోవిందరావు ఆ రోజూ మరునాడూ స్టూలు దిగలేదు. పంటి పని సగంలో ఉన్నవాళ్ళు, సెట్టు రావాల్సినవాళ్ళు, ఊరికే కుర్చీ ఎక్కి చూద్దామని వచ్చినవాళ్ళు, అందరి ఫారాలూ ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి.

మొదటి ఐదారు రిమార్కులు పొదుపుగానే ఉన్నాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, జనం తమ రిమార్కును పక్కవాళ్ళ రిమార్కుతో కొలుచుకోవడం మొదలుపెట్టారు.

"సుజాతమ్మకి మూడు గీతలు రాసినావు, నాకు ఒకటేనా? నానేటి తక్కువ తిన్నానా?" అని పోలమ్మ తగువుకొచ్చింది.

దాంతో గోవిందరావులో ఉన్న కథకుడు నిద్రలేచాడు. మాట తూలుతుంది గానీ పెన్నుకి పళ్ళెందుకు? పోలమ్మకి: 'కుర్చీ ఎంత వెనక్కి వాలినదనగా నాకు నా పెళ్ళినాటి సంగతులు కనబడినవి.' సుజాతమ్మకి: 'యంత్రము కూతకు మా వీధి కుక్క మూడు రోజులు అన్నము ముట్టలేదు.' వ్యాను వచ్చి అప్పటికి ఒక పూటే అయిందన్న సంగతి ఆయనకు తట్టలేదు. జాన్ పాల్ పళ్ళు తోమించుకోవడానికి వస్తే ఆయనకీ ఒకటి రాశాడు: 'పళ్ళు మరీ తెల్లబడినందున ఇంటివారు గుర్తుపట్టక తలుపు తియ్యలేదు.' జాన్ పాల్ చదివి, "ఇది బాగున్నాదిరా" అని సంతకం పెట్టేశాడు.

రెండో రోజు సాయంత్రానికి నలభై ఒక్క ఫారాలు. నలభై ఒక్క ఏడుపు మొహాలు. నలభై ఒక్కమంది డాక్టరమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టి, దీవించి, బూరెలూ జామకాయలూ ఇచ్చి సాగనంపారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఫారాలు మూసిన పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఆమె చదవలేదు. చేపల సంచీ మాత్రం రెండు రోజులూ ఖాళీగానే ఇంటికి చేరింది.

మూడు వారాలైంది. మంగళవారం పొద్దున్నే గోవిందరావు తువ్వాలు భుజాన వేసుకుని గ్రౌండుకు వెళ్ళాడు. ఒక మేక తప్ప ఎవరూ లేరు. బుధవారం మేక కూడా లేదు. గురువారం జాన్ పాల్ సైకిలు మీద ఎదురొచ్చాడు.

"ఒరే గోవిందూ, కొంప ములిగింది. రూతమ్మని డూటీలోంచి ఆపేసినారు."

"ఎందుకురా?"

"ఎందుకేటి, నువ్వు రాసిన రాతలకి! ఇన్ని వ్యాన్లు తిరుగుతున్నాయంట గానీ, వచ్చినోల్లంతా ఏడ్సిన ఊరు మనదొక్కటేనంట. ఆదివారం ఆఫీసరొస్తన్నాడు. ఎంక్వయిరీ."

"మరి నా పళ్ళు?"

"తయారయ్యే ఉన్నాయంట. పేషెంటు అసంతృప్తి కదా, ఎంక్వయిరీ తేలీదాకా ఇవ్వరంట. తేలకపోతే ఇరగ్గొట్టి మళ్ళీ మొదట్నించి సేస్తారంట. ఆర్నెల్లు పట్టొచ్చు."

గోవిందరావు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఆరు నెలల్లో జాన్ పాల్ భుజం ఒక్క బోగీతో ఆగదు, మొత్తం రైలునే ఆపేస్తుంది.

ఆ సాయంత్రం సంగతంతా విన్న జోగమ్మ, "ఒకపాలి నిజం సెప్పి సూడయ్యా. కొత్తగా ఉంటాది" అంది. ఆ సలహా గోవిందరావుకి మరీ సాదాగా అనిపించింది. ఆయన శనివారం నాడు నలభైమందినీ గ్రౌండులో కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాడు.

"రేపు ఆఫీసరు ఏటడిగినా సరే, నవ్వండి. కాగితం మీద ఏడుపుంటే మొగం మీద నవ్వుండాల. అదీ పళ్ళు కనబడేలాగ. పళ్ళు లేనోల్లు సిగుళ్ళు సూపించండి."

ఆదివారం పూజా క్లబ్బు వరండాలో బల్ల వేశారు. వచ్చిన ఆఫీసరు పేరు కిరణ్‌కుమార్. విశాఖపట్నం మనిషి, ఆ సంస్థ ఆఫీసులో తెలుగు చదవగలిగింది ఆయనొక్కడే. మొహం ఇస్త్రీ చేసినట్టుంటుంది. పక్కన డాక్టర్ రూతు తలవంచుకు కూర్చుంది. బల్ల మీద నలభై ఒక్క ఫారాల కట్ట, దాని పక్కన ఒక పారదర్శకమైన డబ్బా. డబ్బా మీద చీటీ: 'గోవిందరావు, పైదవడ'. లోపల కొత్త పళ్ళు ధగధగ మెరుస్తూ గోవిందరావు వైపే ఇకిలిస్తున్నాయి.

"పోలమ్మగారు ఎవరు?" అన్నాడు కిరణ్‌కుమార్.

పోలమ్మ లేచి నవ్వింది.

"కుర్చీలో మీకు పెళ్ళినాటి సంగతులు కనబడ్డాయని రాశారు. స్పృహ తప్పిందా?"

"హిహిహి" అంది పోలమ్మ.

"నవ్వే విషయం కాదమ్మా. మత్తుమందు ఎంత ఇచ్చారో గుర్తుందా?"

పోలమ్మ ఇంకా గట్టిగా నవ్వింది. ఆమెకు తోడు ఇవ్వాలని వెనకనున్న ముప్పై తొమ్మిదిమందీ నవ్వారు. చిగుళ్ళు చూపించినవాళ్ళు చూపించారు. కిరణ్‌కుమార్ మొహంలో రంగు తగ్గింది. రూతు వైపు వంగి గొంతు తగ్గించి, "డాక్టర్, వీళ్ళకి ఏం మందు వాడారు?" అని అడిగాడు. ట్యాబ్ తీసి, 'మూడు వారాలు దాటినా నవ్వు ఆగలేదు. ఊరంతటికీ ఉంది' అని రాసుకున్నాడు.

సుజాతమ్మ వంతు వచ్చింది. కుక్క ఎలా ఉందని అడిగాడాయన.

"ఏ కుక్క బాబూ?" అంది సుజాతమ్మ నవ్వడం మానకుండా.

"మీరే రాశారు కదమ్మా, అన్నం తినలేదని."

"అన్నం ఎందుకు తినదు, దొంగముండ, నిన్న మా సేపల కూర గిన్నెడూ తినేసినాది!"

కిరణ్‌కుమార్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఫారాల కట్ట విప్పి బల్ల మీద పరిచాడు. ఒకటి చూశాడు, రెండు చూశాడు, పది చూశాడు.

"ఇవన్నీ ఒకే చేతిరాత" అన్నాడు నెమ్మదిగా.

నవ్వులు ఒక్కసారిగా ఆగాయి.

"ఇప్పుడు అర్థమైంది. ఉచితంగా పళ్ళు చూస్తుంటే ఎవరికో నష్టం. ఆ ఎవరో ఒక మనిషిని కూర్చోబెట్టి దొంగ ఫిర్యాదులు రాయించారు. ఇది డాక్టరు తప్పు కాదు, కుట్ర. నేను ఇప్పుడే పోలీసు థానాకి ఫోన్ చేస్తాను. రాసింది ఎవరు?"

జనమంతా ఆకాశం చూశారు, చెప్పులు చూసుకున్నారు, ఒకరిద్దరు దగ్గారు. పోలమ్మ మాత్రం దాచలేకపోయింది.

"బాబ్బాబు, మా గోవిందరావన్న సెడ్డోడు కాడు బాబూ! ఉత్తినే రాసినాడు!"

కిరణ్‌కుమార్ చూపు డబ్బా మీది చీటీ మీదకు వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎదురుగా నిలబడ్డ, పళ్ళు లేని ముసలాయన మీదకు వచ్చింది. చెయ్యి డబ్బా మీద పెట్టి దాన్ని తన వైపు జరుపుకున్నాడు.

పళ్ళు ఒక జానెడు దూరం జరిగాయి. గోవిందరావు గుండె గజం దూరం జరిగింది. ఇక దారిలేక, ఆయన జోగమ్మ సలహా పాటించాడు.

మొత్తం చెప్పాడు. ఎనభై ఏడు నాటి కప్పు చెప్పాడు, పదకొండేళ్ళ గొడుగు చెప్పాడు, సంతృప్తి అని రాస్తే పని ఆగిపోతుందన్న వర్క్‌షాపు చట్టం చెప్పాడు. సగం మాటలు గాలిగా పోయాయి. పోయినవాటిని జాన్ పాల్ వెనకనుంచి అందించాడు. "గొడుగు నాను సూసినాను సార్, నల్ల గొడుగు, మంచం కోళ్ళకి తాళ్ళతో కట్టుండేది" అని ప్రమాణం చేశాడు.

"మా డాక్టరమ్మ సెయ్యి ఎన్నముద్ద సార్" అని ముగించాడు గోవిందరావు. "అంత బాగా సేసింది కాబట్టే బాగోలేదని రాసినాం. మల్లీ రావాలని."

కిరణ్‌కుమార్ పాత ఫారాలన్నీ పోగుచేసి పక్కకు నెట్టాడు. ఆ తర్వాత సంచీలోంచి కొత్త ఫారాలు తీశాడు. "ఎవరిది వాళ్ళే నింపాలి. రాయలేనివాళ్ళు మొహం మీద వేలిముద్ర వెయ్యండి. ఈయన పెన్ను ముట్టుకోకూడదు."

అరగంటలో నలభై ఒక్క ఏడుపు మొహాలు నలభై నవ్వు మొహాలైపోయాయి. మిగిలిన ఒక్కటి గోవిందరావుది, దాన్ని సెట్టు పెట్టాక నింపవచ్చన్నారు. నవ్వు మొహానికి నోరుంది గానీ పళ్ళు లేవని పోలమ్మ తనే పెన్నుతో వరసగా పళ్ళు గీసింది. డాక్టర్ రూతు తల ఎత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు కిరణ్‌కుమార్ జేబులోంచి రెండు కాగితాలు తీసి, జనం చూస్తుండగా రెండింటినీ నాలుగు ముక్కలు చేశాడు.

"ఏటి బాబూ అవి?" అన్నాడు జాన్ పాల్. గార్డు ఉద్యోగం చేసినవాడు, కాగితం చిరిగితే ఊరుకోలేడు.

"ఒకటి డాక్టరుగారిని ఇక్కణ్ణుంచి మార్చే ఆర్డరు. ఇక అక్కర్లేదు."

"రెండోది?"

"అదా? పేషెంట్లు ఇంత అసంతృప్తిగా ఉన్నారు కదా అని, తాల్‌బగీచాకి ఏడాదిపాటు వారం వారం వ్యాను పంపాలని రాసిన ఆర్డరు. పెద్ద వ్యాను, రెండు కుర్చీలది. ఇప్పుడు అందరూ సంతృప్తి పడ్డారు. మా రూలు ప్రకారం అలాంటి చోటికి ఆరు నెలలకోసారే. ఫైలు మూసేశాం."

సగం సిమెంటు పెట్టిన పన్ను మీద పోలమ్మ నాలుక ఆనించుకుంది. ఎనభై చేతులు ఒకేసారి బల్ల మీది నవ్వు మొహాల వైపు కదలబోయాయి గానీ కిరణ్‌కుమార్ వాటిని అప్పటికే సంచీలో పెట్టి జిప్పు లాగేశాడు.

జాన్ పాల్ గోవిందరావు చెవి దగ్గర చేరాడు. "ఒరే, నువ్వు సెప్పిందే రైటు కదరా!"

"అదే నాకూ ఇసిత్రంగా ఉన్నాది" అన్నాడు గోవిందరావు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

రూతు డబ్బా తెరిచి, పళ్ళ సెట్టు నీళ్ళలో కడిగి, ఆయన పైదవడకు అమర్చింది. టక్కుమని కూర్చుంది. కొత్త కప్లింగు పడ్డట్టు. గోవిందరావు నోరు మూశాడు, తెరిచాడు. కుడిపక్క నమిలాడు, ఎడమపక్క నమిలాడు. "స్‌స్‌స్" అన్నాడు. చక్రాలు పట్టాల మీద అచ్చంగా రాసుకున్నాయి. కుక్కరు విజిలు మాయమైంది. జాన్ పాల్ మొహం కొద్దిగా వాడింది.

"ఎలా ఉంది?" అని కిరణ్‌కుమార్ ఆఖరు ఫారం ముందు పెట్టాడు. "ఇది మాత్రం మీరే నింపండి."

ఐదు మొహాలు. పెన్ను తిరిగి ఆయన చేతిలోకి వచ్చింది. వెనక నలభైమంది ఊపిరి బిగబట్టారు. చాలా నెలల తర్వాత ఆయన కోసం జనం ఊపిరి బిగబట్టడం అదే. గోవిందరావు నవ్వు మొహం చూశాడు, ఏడుపు మొహం చూశాడు. పెన్ను ఈ రెండింటినీ వదిలి, మధ్యలో ఉన్న మొహం మీద ఆగింది. అది నవ్వదు, ఏడవదు. వర్క్‌షాపు క్యాంటీనులో టీ తాగుతున్నవాడి మొహంలా ఉంటుంది. దాని మీద టిక్కు పెట్టి కింద ఒక్క గీత రాశాడు: 'సెట్టు బహు బాగున్నది. ఎడమ పక్క రవంత నొక్కుచున్నది.'

రూతు ఆ గీత చదివింది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"సార్, కొత్త సెట్టు నొక్కుతోందంటే, అది సర్దుకునేదాకా వారం వారం వ్యాను రావాలి. మన రూల్‌బుక్కులో ఉంది."

"ఒక్క పేషెంటు ఉన్నా?"

"ఒక్కరున్నా రావాలి సార్. వచ్చినప్పుడు మిగతావాళ్ళ పళ్ళు చూడకూడదని లేదు."

కిరణ్‌కుమార్ ముసలాయన వైపు చూశాడు. "ఎడమ పక్కేనా?"

"ఎడమ పక్కే సార్" అన్నాడు గోవిందరావు, కుడి బుగ్గ పట్టుకుని.

ఆఫీసరు మొహం మీది ఇస్త్రీ మొదటిసారి నలిగింది. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నుంచి ప్రతి మంగళవారం వ్యాను వస్తోంది. ముందు గోవిందరావు ఎక్కుతాడు. రూతు నోట్లోకి ఒకసారి చూసి, "ఇంకా నొక్కుతోందా తాతగారూ?" అని కాగితం మీద తనే రాసుకుంటుంది. ఆ వెనక పోలమ్మ ఎక్కుతుంది. టీ బడ్డీ దగ్గర భుజం గోవిందరావుకి తిరిగి వచ్చేసింది. ఫారాల గొప్ప మాత్రం కొంచెం మారింది. "ఒకే దినం నలభై ఒక్క ఫారాలు ఎనక్కొచ్చిన మొనగాడు ఖరగ్‌పూర్లో ఇంకెవుడన్నా ఉన్నాడేటి?" అంటున్నాడిప్పుడు, రెండో గ్లాసు అందుకుంటూ.

మొన్న ఈ కథ మొత్తం పద్నాలుగోసారి చెప్పి ముగించాక జాన్ పాల్ ఉండబట్టలేకపోయాడు.

"నిజం సెప్పరా గోవిందూ. ఇందులో ఎంత కల్పించినావు?"

"ఒక్కటే. మిగతాదంతా జరిగిందే."

"ఏటది?"

"ఎనభై ఏడులో మా కప్పు. ఆ సిమెంటోడు బెమ్మాండంగా సేసినాడు. మల్లీ ఒక్క సుక్క కారలేదు."

జాన్ పాల్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మరి పదకొండేళ్ళు మంచం మీద గొడుగు? ఆఫీసరు ముందు ప్రమాణం సేసినాను కదరా! నా కళ్ళతో సూసినాను!"

గోవిందరావు ఆఖరి గుక్క తాగి, కొత్త పళ్ళ మీద నాలుక ఒకసారి తిప్పుకుని, తాపీగా చెప్పాడు:

"గొడుగు నిజమే. మీ వదినకి బల్లులంటే బయ్యం."